ఆలివ్ పలకా? చింత మొద్దా?

బెంగుళూరులో కొత్తగా కాపురం పెట్టుకున్న చెల్లెళ్ళకి ఈమధ్య ఒకటే మోజు: ఆలివ్ చెక్క. కూరగాయలు తరిగే పలక ఆలివ్, తెడ్డు ఆలివ్, ఉప్పు పోసుకునే గిన్నె ఆలివ్. మాల్‌లో అద్దాల బీరువాలో పెట్టి, పైనుంచి దీపం వేసి మరీ అమ్ముతున్నారు. ధర చీటీ తిప్పి చూస్తే గుండె గుభేలుమంటుంది. "అక్కా, కొనమంటావా వద్దంటావా? ఏదో ఒకటి చెప్పు" అని చింతామణి నుంచి ఒక చెల్లెలు అడిగింది. అవునూ కాదూ అని తేల్చేసే సంగతి కాదమ్మా ఇది. కాఫీ కలుపుకుని రా, తీరిగ్గా మాట్లాడుకుందాం.

నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత నువ్వు నాతో ఎంతసేపైనా వాదించుకో. ఆలివ్ చెక్క మంచిదే. కాదనను. కానీ దాని మంచి గుణాల్లో చాలావరకు ఉన్న కర్ర మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ఊళ్ళల్లో ప్రతి తోపులోనూ నిలబడి ఉంది. మనమేమో ఆ చెట్టు పడిపోతే దుంగల్ని ఇటుకల బట్టీకి తోలేస్తున్నాం. అదే మన చింత.

నవ్వకు. చారులోకి తప్ప చింత ఇంకెందుకు పనికొస్తుందనుకుంటున్నావు కదూ! ముందు ఆలివ్ గొప్పేమిటో తెలిస్తే, చింత గొప్ప దానంతటదే తెలుస్తుంది.

ఆలివ్ చెట్టు మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాలది. స్పెయిన్, ఇటలీ, గ్రీసు, ట్యునీసియా, పాలస్తీనా. చర్చికి వెళ్ళే ఇళ్ళల్లో ఒలీవల కొండ పేరు ఎప్పటినుంచో ఉంది, మురుగుమళ్ళ దర్గాకి వచ్చే వాళ్ళకి జైతూన్ నూనె కొత్త కాదు. మనకి కొత్తది దాని చెక్క. అసలు చెక్క కోసం ఆలివ్‌ని ఎవరూ పెంచరు. కాయ కోసం, నూనె కోసం పెంచుతారు. కొమ్మలు కత్తిరించినప్పుడు, ముసలి చెట్టు కాపు మానేసినప్పుడు, తెగులొచ్చి ఎండిపోయినప్పుడు ఆ కర్ర వడ్రంగి చేతికొస్తుంది. ఇటలీ మడమ భాగంలో, పూలియా అనే చోట, 2013లో జైలెల్లా అనే సూక్ష్మజీవిని కనుక్కున్నారు. అది పట్టి లక్షల మీద లక్షలు చెట్లు ఎండిపోయాయి. తాతల నాటి తోటలు కళ్ళముందే మోడులయ్యాయి.

ఆలివ్ బోదె పొట్టిగా ఉంటుంది, మెలికలు తిరిగి ఉంటుంది, వయసు మీరితే లోపల డొల్ల పడుతుంది. అందుకని టేకులాగా నిలువుగా, వెడల్పుగా పలకలు తీద్దామంటే రావు. ద్వారబంధాలకీ దూలాలకీ పనికి రాదు. ఇక మిగిలింది చిన్న సామాను: తెడ్లు, గిన్నెలు, రోలూ పొత్రం, చాకు పిడి, జపమాల పూసలు. బెత్లెహేములో ఆలివ్ కర్రతో బాలయేసు బొమ్మలు చెక్కే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పెద్ద పలక ఒకే ముక్కలో వచ్చిందంటే అది ఖరీదైన ముక్కే. లేదంటే చిన్నవి అతికించి ఉంటారు. కొనేముందు పలక తిరగేసి చూడు, అతుకు గీత కనిపిస్తుంది.

హోమర్ రాసిన ఒడిస్సీలో ఒక ముచ్చట ఉంది, ఆడవాళ్ళకి నచ్చేది. కథానాయకుడు యులిసెస్ తన పడకగదిని నేలలో పాతుకున్న ఆలివ్ చెట్టు చుట్టూ కట్టుకున్నాడు. ఆ చెట్టు మొదలునే మంచం కోడుగా చెక్కాడు. ఇరవయ్యేళ్ళ తర్వాత తిరిగొచ్చిన మనిషి తన మొగుడేనా కాదా అని తేల్చుకోవడానికి పెనెలోపీ ఒక చిన్న ఎత్తు వేసింది: "ఆ మంచం బయటికి లాగించి పక్క వేయండి" అంది. ఆయన మండిపడ్డాడు. వేళ్ళున్న మంచాన్ని ఎవరు కదిలించారని! ఆ కోపంతో ఆమెకి గుర్తు దొరికింది. చూశావా, ఎంత గట్టి ఇల్లాలో!

సరే, చెక్క గుణాలకొద్దాం. ఆలివ్ బరువు చెక్క. బాగా ఎండిన తర్వాత కూడా ఒక ఘనపు మీటరు దాదాపు 990 కిలోలు తూగుతుంది. నీళ్ళు వెయ్యి కిలోలు. అంటే నీళ్ళల్లో వేస్తే మునగాలా తేలాలా అని తటపటాయించే బరువు. టేకు 650 దగ్గర ఉంటుంది. రంగు లేత గోధుమ పసుపు, దానిమీద ముదురు గోధుమా నలుపూ కలిసిన చారలు, పొగ గాలికి చెదిరినట్టు. రెండు ముక్కలు ఒకేలా ఉండవు. చెక్కలోని సన్నరంధ్రాలు చాలా చిన్నవి, అందుకని నునుపు పట్టిస్తే అద్దంలా వస్తుంది, మరక తొందరగా దిగదు. కోసినప్పుడు పండు వాసన లాంటి తియ్యటి వాసనొకటి వస్తుంది. లోపల జిడ్డు ఉంటుంది. నార సూటిగా పోదు, ఒకదానిలోకి ఒకటి అల్లుకుని పోతుంది. దీనివల్ల లాభమేమిటంటే గట్టి దెబ్బకి కూడా నిలువునా చీలదు. నష్టమేమిటంటే చిత్రిక పట్టేటప్పుడు ఒక దిక్కున నునుపొస్తే ఇంకో దిక్కున రేగుతుంది. ఆరబెట్టడం మరీ ఓపిక పని. తొందరపడితే వంకర పోతుంది, నెర్రెలిస్తుంది.

మరి ఆలివ్ మన దగ్గర పెరగదా అంటావేమో. నర్సరీ వాళ్ళు కుండీలో పెట్టి అమ్ముతారు, చెట్టు బతుకుతుంది కూడా. కానీ పూత పట్టడానికి దానికి చలికాలంలో కొన్నాళ్ళు గట్టి చలి కావాలి. నంది కొండ మీద మంచు చూసి మనం స్వెట్టర్లు వేసుకుంటాం గానీ, ఆ చలి ఆలివ్‌కి చాలదు. రాజస్థాన్‌లో ఇజ్రాయెల్ వాళ్ళ సాయంతో 2008 ప్రాంతంలో తోటలు వేశారు, నూనె తీశారు. చెక్క మాట ఎవరూ ఎత్తలేదు, ఆ చెట్లకి ఇంకా అంత వయసెక్కడిది?

ఇంకో సంగతి చెప్తే ఆశ్చర్యపోతావు. చిక్కబళ్ళాపురం పూల మార్కెట్టులో మూర కొలిచి కొంటావే, ఆ మల్లె ఆలివ్ కుటుంబానిదే. పారిజాతం కూడా అదే వంశం. దక్కను ఎండు అడవుల్లో ష్రెబెరా అని వీళ్ళకే వరసైన చెట్టు ఇంకొకటుంది. దాని గట్టి కర్రని మగ్గంలో బట్ట చుట్టుకునే దూలానికి వాడేవాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు దాన్ని నేతగాళ్ళ దూలం చెట్టనే పిలిచారు. కాబట్టి ఆలివ్ మనకి బొత్తిగా పరాయిదేమీ కాదు, దూరపు చుట్టం.

ఇప్పుడు చింత.

మీ ఊళ్ళో మటన్ అంగడికి ఎప్పుడైనా పొద్దున్నే వెళ్ళావా? మగవాళ్ళని పంపించకుండా ఒక ఆదివారం నువ్వే వెళ్ళు. మాంసం కొట్టే మొద్దుని దగ్గర్నుంచి చూడు. మోకాలెత్తు దుంగ, అడ్డంగా కోసింది. దాని మీద రోజూ కత్తి వేట్లు ఎన్ని పడతాయో లెక్క పెట్టలేం. ఎముక నలుగుతుంది గానీ మొద్దు చీలదు. ఏళ్ళు గడిచేకొద్దీ నడుమ పళ్ళెంలా గుంట పడుతుంది, అంచులు మాత్రం అలాగే ఉంటాయి. అంగడి మూసేముందు మాంసం కొట్టే ఆయన ఒక ఇనుప రేకుతో పైనంతా గీకి, రాళ్ళ ఉప్పు చల్లి, గోనె కప్పి వెళ్తాడు. అడుగు, ఏం కర్ర అని. "చింతే కదమ్మా, ఇంకేం నిలుస్తుంది దీనికి!" అంటాడు.

ఆయన శాస్త్రం చదవలేదు గానీ చెప్పింది శాస్త్రమే. చింత నార కూడా ఆలివ్‌లాగే అల్లుకుపోయి ఉంటుంది. అందుకే చీలదు. దుంగని అడ్డంగా కోసినప్పుడు నార కొసలు పైకి నిలబడి ఉంటాయి, కత్తి వాటి మధ్యలోకి దిగి బయటికొస్తుంది, నారని తెంచదు. కత్తి పదునూ నిలుస్తుంది, మొద్దు పేళ్ళు లేచి మాంసంలో పడవు. థాయ్‌లాండులో అయితే ఈ చింత మొద్దుకి పెద్ద పేరు. అక్కడి వంటిళ్ళల్లో గుండ్రటి చింత మొద్దు మామూలు సామాను, బయటి దేశాలకి కూడా పంపించి అమ్ముకుంటున్నారు. మనం ఆలివ్‌కి పోసే డబ్బు లాంటిదే వేరే దేశంలో ఎవరో చింతకి పోస్తున్నారన్నమాట!

బరువులో ఆలివ్ కంటే కొంచెం తక్కువ, ఎండిన చింత చేవ ఘనపు మీటరుకి 850 కిలోల దాకా తూగుతుంది. టేకు కంటే చాలా గట్టిది. గానుగలకి, సుత్తెల పిడులకి, కొయ్య సుత్తెలకి, రోకళ్ళకి మనవాళ్ళు చింతే వాడారు. చింత బొగ్గుని తుపాకీ మందులో కలిపేవాళ్ళు కూడా.

మన చుట్టుపక్కల చింత ఎంత పాతదో చూడాలంటే దేవనహళ్ళి తాలూకా నల్లూరికి ఒకసారి వెళ్ళిరా. చిక్కబళ్ళాపురం నుంచి గంట ప్రయాణం కూడా ఉండదు. 54 ఎకరాల చింత తోపు. 2007లో ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది, దేశంలోనే ఆ గౌరవం పొందిన మొదటి చోటు అదే. చోళుల కాలం నాటివని ఊళ్ళోవాళ్ళు చెప్పుకుంటారు. ఆ చెట్ల బోదెలు చూడు: మెలిపెట్టిన తాళ్ళలాగా తిరిగి, లోపల డొల్ల పడి, మనిషి దూరేంత సందులు. కూలిన చెట్టు కూడా చావలేదక్కడ. కొమ్మ నేలకానిన చోట వేరు దించుకుని మళ్ళీ లేచింది. మధ్యధరా ముసలి ఆలివ్ తోటల ఫోటోలు పక్కన పెట్టి చూస్తే ఇవి అవేనా అనిపిస్తుంది.

నల్లూరు తోపు మీద అందరి కళ్ళూ ఉన్నాయి, సరే. మామూలు ఊళ్ళల్లో గుండు తోపుల సంగతే బాధగా ఉంటుంది. ఒకప్పుడు ప్రతి ఊరి పొలిమేరలో ఒక తోపు ఉండేది, చింతా కానుగా మామిడీ కలిపి. జాతరొస్తే బండ్లు అక్కడే విప్పేవాళ్ళు. చింతకాయ కాపు వేలం వేస్తే వచ్చిన డబ్బు ఊరి పనులకి పోయేది. మాఘ, ఫాల్గుణాల్లో మన ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని చింతపండు కొట్టి గింజ తీస్తారు కదా, ఆ కూలి ఈ చెట్ల చలవే. తర్వాత నీలగిరి వచ్చింది. చెరువు కట్టల కింద, మెరక పొలాల్లో, ఎక్కడ చూసినా నీలగిరే. అది నేలలో నీళ్ళు తాగేస్తోందని, బోర్లు వెయ్యి అడుగులు దాటాక గానీ తెలివి రాలేదు. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటొద్దంది. నీలగిరి గుంజలు సెంట్రింగ్ పనికి సరే, వంటింటికి మాత్రం తేవద్దు. ఎండేకొద్దీ మెలి తిరుగుతుంది, పగులుతుంది.

హైదరాబాదు రోడ్డు వెడల్పు చేసినప్పుడు, ఊళ్ళ మధ్య రోడ్లు పెద్దవి చేసినప్పుడు, పక్కనున్న పెద్ద చింతలు చాలా పోయాయి. పోయిన వాటి దుంగలు ఎక్కడికెళ్ళాయి? బట్టీలకి. సామిల్లు వాళ్ళు రోడ్డు పక్క చింతని తీసుకోవడానికి భయపడతారు కూడా. నంబరు రేకులకీ, సినిమా బోర్డులకీ, ఎన్నికల అట్టలకీ కొట్టిన మేకులన్నీ చెట్టు మింగేసి ఉంటుంది. రంపం ఒక్క మేకుని తాకితే పళ్ళు ఊడతాయి. నాయకుల బొమ్మలు పోతాయి గానీ మేకులు పోవుగా!

ఇక్కడొక మాట గట్టిగా చెప్తాను. నేను ఇదంతా చెప్పానని కాపు కాసే చింతని కొట్టించొద్దు తల్లీ. కర్ణాటకలో 1976 నాటి చెట్ల సంరక్షణ చట్టముంది, అటవీశాఖ అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, కాసే చెట్టు విలువ ముందు పలక విలువెంత? గాలివానకి పడిందీ, మోడైందీ, అనుమతితో కొట్టిందీ ఉంటుంది కదా, దాని దుంగ అడుగు. బట్టీకి పోయే దుంగే మన పలక.

మా వదిన చింతామణిలో ఉంటుంది, కైవారం వెళ్ళే దారిలో. ఆమె దగ్గర రెండూ ఉన్నాయి. కొడుకు ఎవరో స్నేహితుడి పెళ్ళి కానుక మిగిలిందని తెచ్చిచ్చిన ఆలివ్ పలకొకటి, వాళ్ళ అత్తగారి నాటి చింత తెడ్డొకటి. తెడ్డంటే రాగిముద్ద కెలికేది. రాగిపిండి ఉడుకుతున్న ఎసట్లో పోసి, కుండని రెండు కాళ్ళ మధ్య ఇరికించి, రెండు చేతులా బలం పెట్టి కెలకాలి కదా. మామూలు చెక్కయితే మెడ దగ్గర పుటుక్కుమంటుంది. ఆ చింత తెడ్డు మొన మాత్రం అరిగి అరిగి ఒక పక్కకి వాలింది, వాళ్ళత్త కుడిచేతి వాటం తెలుస్తుంది దాన్ని చూస్తే. విరగలేదు. రంగు ముదురు కాలేయం రంగు, పట్టుకునే చోట మాత్రం నున్నగా నల్లగా మెరుస్తుంది.

ఆలివ్ పలకేమో నిలువునా నెర్రెలిచ్చి కూర్చుంది. ఎలా? పనమ్మాయి రాత్రి అంట్లతో పాటు దాన్నీ తొట్టిలో నానేసి వెళ్ళింది, పొద్దున తీసి ఎండలో నిలబెట్టింది. చెక్క ఒక రాత్రి నీళ్ళు తాగి ఉబ్బింది, ఒక పూట ఎండకి బిగుసుకుంది. పగలక ఏం చేస్తుంది? వదిన ఆ పిల్లని తిట్టబోతే నేనే ఆపాను. ఆమెకి ఎవరు చెప్పారు గనక?

అందుకని ఇది విను. ఆలివ్ అయినా చింత అయినా జాగ్రత్త ఒకటే. నానబెట్టొద్దు. పాత్రలు కడిగే మెషిన్‌లో అసలు వేయొద్దు. తరిగిన వెంటనే సబ్బుతో కడిగి, రెండు వైపులా తుడిచి, అంచు మీద నిలబెట్టి నీడలో ఆరనివ్వు. ఒకవైపే తడిసి ఒకవైపే ఆరితే పలక గిన్నెలా వంగుతుంది, కాబట్టి పైన నీళ్ళు పోస్తే అడుగున కూడా పొయ్యి. ఉల్లిపాయ వాసన పట్టిందనుకో, రాళ్ళ ఉప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్దు.

నూనె పట్టించడం గురించి చాలామంది అడుగుతారు. వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె వద్దు, కొన్నాళ్ళకి జిడ్డు కట్టి ముక్క వాసన వస్తాయి. ఆలివ్ నూనె కూడా అంతే, ఆలివ్ చెక్కకి ఆలివ్ నూనె అని మురిసిపోవద్దు. కానుగ నూనె తినేది కాదు, చేదు, వంటింటి చెక్క మీదికి తేవొద్దు. హార్డ్‌వేర్ అంగట్లో కాచిన అవిసె నూనె దొరుకుతుంది, అందులో తొందరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు, అది తలుపులకి. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ పనికొస్తుంది, చెడిపోదు. ఇంట్లో ఉన్నదే కావాలంటే కొబ్బరినూనె, మిగతా నూనెల కంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది. కొంచెం తేనె మైనం కరిగించి కలిపితే మరీ మంచిది. గుడ్డతో రుద్ది, రాత్రంతా వదిలేసి, పొద్దున పొడిగుడ్డతో తుడిచెయ్యి. చెక్క మీద నీటిబొట్టు వేస్తే పూసలా నిలబడాలి. పీల్చేసుకుందంటే మళ్ళీ నూనె పెట్టే రోజొచ్చిందని.

"ప్లాస్టిక్ పలకయితే శుభ్రం కదక్కా, చెక్కలో క్రిములుండవా?" అనేవాళ్ళు ఉంటారు. నాకూ ఆ అనుమానం ఉండేది. అమెరికాలో డీన్ క్లైవర్ అనే శాస్త్రవేత్త 1990ల్లో ఇదే పరీక్ష పెట్టాడు. చెక్క మీద వేసిన క్రిములు లోపలికి ఇంకిపోయి, అక్కడ పెరగలేక మెల్లగా చచ్చాయి. కత్తిగాట్లు పడిన పాత ప్లాస్టిక్ పలకని చేత్తో కడిగితే మాత్రం గాట్లలో కొన్ని మిగిలాయి. అలాగని మాంసం కోసిన పలక మీదే దోసకాయ తరగమని కాదు. మాంసానికొకటి, కూరలకొకటి. అది మన ఇళ్ళల్లో ఎలాగూ పాటించేదే.

ఇంక మాల్‌లో ఆలివ్ పేరు పెట్టినదంతా ఆలివ్ కాదు సుమా. చేత్తో ఎత్తి చూడు, సైజుకి మించిన బరువుండాలి. పై గీతలు అంచు దగ్గర ఆగిపోకుండా పక్కకి దిగి అడుగుదాకా పోవాలి; ఆగిపోతే అది అచ్చు వేసిన బొమ్మ. వార్నిష్ లేని చోట గోటితో గీకి వాసన చూడు. ఆలివ్ యాష్ అని రాసి ఉంటే అది వేరే చెట్టు, యాష్ కర్రలో ఆలివ్ లాంటి చారలున్నవాటికి ఆ పేరు. అమ్మే అబ్బాయి మొహమాటపడినా పర్వాలేదు, వాసన చూసే కొను.

మన చింతకి కూడా లోపాలున్నాయి, దాచను. చింత దుంగని అడ్డంగా కోస్తే నడుమ చిన్నగా ముదురు రంగు చేవ, చుట్టూ వెడల్పుగా పాలిపోయిన పసుపు కర్ర కనిపిస్తాయి. చేవ రాయి. ఆ పసుపు కర్రేమో పురుగుకి పండగ, అందులో పిండిపదార్థం ఉంటుంది కనక. చేసిన ఆర్నెల్లకి పలక కింద సన్నటి తెల్లపిండి రాలుతోందంటే పురుగు పని మొదలెట్టిందని అర్థం. వయసు ముదరని చెట్టులో చేవే ఉండదు. అందుకే ముసలి చెట్టు దుంగే కావాలి. మన పాతకాలపు వడ్రంగులు దుంగని కొన్ని నెలలు చెరువులోనో బావిలోనో నానవేసేవాళ్ళు, పసరూ పిండీ నీళ్ళలోకి దిగిపోయి పురుగుకి తిండి లేకుండా పోయేది. ఇప్పుడు చెరువులో నీళ్ళుంటేగా అంటావు. నిజమే.

బాగేపల్లి వైపు మాకు తెలిసిన ఆచారి ఒకాయన ఉన్నాడు. ఆయన కొట్టంలో నేను కూర్చుని చూశాను. దుంగ కొసలకి ముందు పేడా మట్టీ కలిపి మందంగా మెత్తాడు. నీరు కొసల్లోంచే తొందరగా ఆవిరౌతుందట, అక్కడ ముందు ఆరితే అక్కడినుంచే పగులు మొదలౌతుంది. బాడిశ వేస్తే టేకు మీద వచ్చే చప్పుడు కాదు, రాతి మీద కొట్టినట్టు కంగుమంది. పేడు లేవలేదు, చిన్న చిన్న పెచ్చులు ఎగిరాయి. ఒక పలక చిత్రిక పట్టేసరికి ఉలిని మూడుసార్లు రాయి మీద నూరుకున్నాడు. "ఇది కర్ర కాదు తల్లీ, పంతం" అన్నాడు. కానీ ఉప్పుకాగితం వేసి కొబ్బరినూనె చుక్క వేయగానే ఆ చేవలోంచి ఊదా రంగు కలిసిన గోధుమ చారలు పైకి తేలాయి చూడు, ఆయన కూడా ఒక్క క్షణం చెయ్యి ఆపేశాడు.

చన్నపట్నం బొమ్మలు, ఏటికొప్పాక లక్కపిడతలు చూసి అలవాటైన కళ్ళకి చింత పని మోటుగా కనిపించొచ్చు. అవి మెత్తటి తేలిక చెక్కలు, తరిణె మీద వెన్నలా తిరుగుతాయి, లక్క రంగు పట్టుకుంటాయి. చింతకి లక్క వేస్తే దాని అందం మీద ముసుగు వేసినట్టే. దాన్ని నూనెతోనే వదిలెయ్యాలి.

చెక్క రకాల మీద ఇష్టం పుడితే బెంగుళూరు మల్లేశ్వరంలో చెక్క విజ్ఞాన సంస్థ ఉంది, మైసూరు సంస్థానం కాలంలో 1938లో మొదలైన అటవీ ప్రయోగశాల అది. రకరకాల చెక్క నమూనాలు భద్రపరిచి ఉంచారు, చెక్క ముక్క ఇస్తే ఏ చెట్టుదో చెప్తారు, వడ్రంగం శిక్షణ కూడా ఇస్తారు. కాలేజీ చదువు అయిపోయి ఖాళీగా ఉన్న ఆడపిల్లలకి నేనైతే ఇది చెప్తాను. ఉలి పట్టుకుంటే చెయ్యేం అరిగిపోదు.

ఇంతకీ చింతామణి చెల్లెలికి నా జవాబు: ఆలివ్ తెడ్డు మనసుకి నచ్చితే ఒకటి కొనుక్కో, తప్పేం లేదు, దోసెల పెనం మీద గీతలు పడవు. పలక మాత్రం చింతతో చేయించుకో. ఆచారికి ఏం చెప్పాలో కూడా రాసుకో. ముసలి చెట్టు దుంగ, అంతా చేవే ఉండాలి, పసుపు కర్ర అంచున కూడా మిగలకూడదు. దుంగ నట్టనడిమి భాగాన్ని వదిలేసి పక్కనుంచి పలక తియ్యాలి, నడిమి భాగం ఉంటే అక్కడినుంచి సూర్యకిరణాల్లా చుట్టూ నెర్రెలు వస్తాయి. కూరలకి అంగుళమున్నర మందం చాలు. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలని వడ్రంగుల లెక్క, కాబట్టి పచ్చి దుంగతో తొందరపెట్టొద్దు. ఆయన కొట్టంలో ఎప్పటిదో ఎండిన ముక్క ఉందేమో ముందు అడుగు, సాధారణంగా ఉంటుంది. వార్నిష్, పాలిష్ అంటే వద్దను. మిగిలిన ముక్కలు అక్కడే వదిలేసి రాకు, వాటితో పప్పుగుత్తీ, ఉప్పు గరిటె పిడీ, పిల్లలకి బొంగరమూ వస్తాయి.

కూలి దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడకు. టేకు పలకకి అడిగినదాని కంటే ఎక్కువే అడుగుతాడు. దుంగ చవకే కదా అని నువ్వంటావు. దుంగ చవకే, కానీ రంపం పళ్ళు మళ్ళీ రాయించుకోవాలి, ఉలి మాటిమాటికీ నూరుకోవాలి, మణికట్టు నొప్పి ఆయనది. ఆ డబ్బు చేతిలో పెట్టి, పనిముట్లకి పూజ చేసుకునే ఆయుధపూజ వారం కాకుండా వేరే రోజు వస్తానని చెప్పి రా.